బడి సినిమాకు ఎవరెవరు రావచ్చు

ఇప్పుడు మా బడిలో ప్రతి తరగతి గోడకూ ఒక పెద్ద తెర ఉంది. వేలు ఆనిస్తే చాలు, అగ్నిపర్వతం కావాలన్నా, అణువు కావాలన్నా కళ్ళ ముందు ప్రత్యక్షం. ఏ పాఠానికి ఏ వీడియో వేస్తున్నావని గానీ, అది ఎవరి సొత్తని గానీ అడిగే నాథుడు లేడు. నేను ఉద్యోగంలో చేరిన ఆ తొలి రోజుల్లో మాత్రం, చిలమత్తూరు పక్కన ఒక పల్లెటూరి హైస్కూల్లో, ఒకే ఒక్క సినిమా వేయడానికి నేను పడిన పాట్లు తలచుకుంటే, ఆ సినిమా తీసినవాళ్ళు కూడా అంత కష్టపడి ఉండరనిపిస్తుంది. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. అనంతపురంలో మా నాయనకు కిరాణా అంగడి ఉండేది. తూకం ఒక్క గింజ అటూ ఇటూ అయినా ఊరుకునే మనిషి కాదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగినందువల్ల నాకు రూలంటే ప్రాణం, రూలు తప్పేవాళ్ళంటే ఒళ్ళు మంట. (పెళ్ళయ్యాక ఈ గుణం కాస్త తగ్గిందని నేనంటాను. ఆ మాట వచ్చినప్పుడల్లా మా ఆయన పేపరు చదువుతున్నట్టు నటిస్తారు.)

నేను సోషల్ టీచర్ని. ఎనిమిదో తరగతికి సముద్రాల పాఠం చెబుతున్నాను. బోర్డు మీద నీలం సుద్దముక్క అరిగిపోయేదాకా అలలు గీసి, వెనక్కి తిరిగి "డౌట్లున్నాయా?" అన్నాను. ఆ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. తోటి పిల్లలు ఆ పిల్లకు 'కొచ్చెన్ పేపరు' అని పేరు పెట్టారు. ఎందుకో చెప్పనక్కర్లేదు. లేచి నిలబడి, "టీచర్, వానల్యాని సంవత్సరం సముద్రం ఎండిపోతాది కదా, అప్పుడు చేపలు పట్టేటోళ్ళు యాడికి వలస పోతారు?" అంది. నేను నవ్వబోయి ఆగిపోయాను, ఎందుకంటే తరగతిలో ఇంకెవరూ నవ్వలేదు. అందరూ జవాబు కోసం నా మొహం వైపే చూస్తున్నారు. సముద్రం ఎండదమ్మా అన్నాను. "ఎందుకెండదు టీచర్? మా చెరువు ఎండల్యా?" అంది. వాళ్ళకు తెలిసిన చెరువు క్రికెట్ ఆడుకునే మైదానం. నీళ్ళంటే ట్యాంకరు వెనకాల బిందెల వరస. ఆ పిల్లలకు నా నీలం సుద్ద గీతలు ఏం చెబుతాయి? ఆ రోజు బస్సులో ఇంటికి పోతూ ఒట్టు పెట్టుకున్నాను, ఏమైనా సరే ఈ పిల్లలకు సముద్రాన్ని చూపించి తీరుతానని.

దారి కూడా దొరికింది. మా హెడ్‌మాస్టరు గారి గదిలో ఇనుప బీరువాలో, సర్కారు వారు పంపిన ప్రొజెక్టరు ఒకటి అట్టపెట్టె కూడా విప్పకుండా పడి ఉంది. సముద్రపు ఒడ్డున ఒక జాలరి కుటుంబం గురించి తీసిన పిల్లల సినిమా ఒకటి నాకు తెలుసు. మొదలు నుంచి చివరి దాకా నీళ్ళే. దాని అసలు డిస్కు, దొంగ కాపీ కాదు, హిందూపురమంతా గాలించి కొనుక్కొచ్చాను. ఇక మిగిలింది మా హెడ్‌మాస్టరు గారి అనుమతి. ఆయన్ని మేమంతా 'పెద్దసారు' అనేవాళ్ళం. బంగారంలాంటి మనిషి. సర్వీసంతా ఒక్క మెమో కూడా అందుకోకుండా గడిపారు. ఆఫీసు నుంచి ఏ కవరు వచ్చినా, కళ్ళు మూసుకుని ప్రభువును తలచుకుని గానీ చించేవారు కాదు. (లోపల సాధారణంగా వేసవి సెలవుల సర్క్యులర్ ఉండేది.) ఆయన సినిమా మాట విని, డిస్కును అటూ ఇటూ తిప్పి చూసి, "పిల్లోళ్ళ కోసరమే కదమ్మా, ఏద్దాంలే" అన్నారు. నేను గాల్లో తేలుతూ బయటికి వచ్చాను.

ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది, మర్నాడు పొద్దున్నే డిష్షు మామ బడికి వచ్చాడు. ఊళ్ళో కేబుల్ టీవీ నడిపేది ఆయనే. చిన్నా పెద్దా అందరూ మామ అనే పిలుస్తారు. నా మీద ఆయనకు అప్పటికే గుర్రుగా ఉంది, ఎందుకంటే బడి వరండా మీద నుంచి పిల్లల తలలకు తగిలేట్టు వేలాడుతున్న ఆయన కేబుల్ వైరును పట్టుబట్టి తీయించింది నేనే. పైగా కొత్త సినిమాలు తన చానల్లో వేస్తున్నాడని అంతకు ముందు ఏడాది పోలీసులు వచ్చి ఆయన సామాను ఎత్తుకుపోయారట. కాపీరైటు అనే మాట ఆయనకు అలా పరిచయం. పెద్దసారు గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏమప్పా సారూ, బళ్ళో సినిమా ఏస్తాండారంట?"

"పిల్లోళ్ళకప్పా. పాఠం కోసరం."

"బాగుండాది. నేనేస్తే దొంగతనం, మీ టీచరమ్మ ఏస్తే చదువా? నా పెట్టెలన్నీ జీపులో ఏసుకొని పోయినారే, అప్పుడు ఈ చదువు యాడికి పోయింది? ఏయండి, సూస్తా. లోపలికొచ్చి కూర్చొని, ఫోన్లో వీడియో తీసి, కలెక్టరాఫీసులో అర్జీ ఇయ్యకపోతే నా పేరు మార్చుకుంటా."

ఆయన అలా అని లేచి వెళ్ళిపోయాడు. పెద్దసారు తాగని టీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "వద్దులేమ్మా" అన్నారు. "వచ్చే ఎండాకాలానికి దిగిపోయేవాన్ని. అర్జీ పడిందంటే ఎంక్వైరీ అంటారు. అది తేలేదాకా పింఛను ఆపుతారు. మా ఇంటామెకు మందులు ఆ పింఛను మిందనే కదా రావాల." ఆయన భయం నిజమైనదే. కానీ నాకు కోపం తగ్గలేదు. తప్పైతే తప్పని ఎవరైనా చెప్పాలి, కాకపోతే కాదని చెప్పాలి. కేబుల్ ఆయన బెదిరిస్తే మానుకోవడమేమిటి? రూలేమిటో తెలుసుకుని వస్తాను, అంతదాకా ఏ మాటా చెప్పొద్దని పెద్దసారును బతిమాలి ఒప్పించాను.

ఆ ఆదివారమే అనంతపురంలో మా పెదనాయన కొడుకు దగ్గరికి పోయాను. కోర్టులో వకీలు. నేను పోయేసరికి వకీలన్న ముందు బొరుగుల ఉగ్గాని, బజ్జీ ప్లేటు ఉంది. నా గోడు మొత్తం విని, ఒక మిరపకాయ బజ్జీ ముగించి, తాపీగా అన్నాడు.

"అమ్మే, బడి పనిలో భాగంగా బడివాళ్ళు సినిమా ఏస్తే ఎవరినీ అడగాల్సిన పనిల్యా. చట్టంలోనే ఆ వెసులుబాటు ఉండాది. అయితే చూసేటోళ్ళు ఎవరు? అది ముఖ్యం. పిల్లోళ్ళు, టీచర్లు, పిల్లోళ్ళ తల్లిదండ్రులు, సంరక్షకులు, బడి పనుల్లో ఉండేటోళ్ళు. అంతే. దారిన పొయ్యేటోడు ఒకడొచ్చి కూర్చున్నా మీకు ఆ రక్షణ ఉండదు. టిక్కెట్టని దుడ్లు వసూలు చేసే పని అసలే పెట్టుకోవద్దు."

"కేబులాయన కూడా అదే సినిమా వేసుకోవచ్చా మరి?"

"ఆయనది యాపారం కదమ్మే. ఆయనకు ఈ వెసులుబాటు యాడిది? ఉగ్గాని తింటావా?"

నాకు తిండి మీద ధ్యాస లేదు. ఆ నియమాన్ని మాట మాటా కంఠస్థం చేసి, సోమవారం పొద్దున పెద్దసారు ముందు అప్పజెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. పిల్లలు, టీచర్లు, తల్లిదండ్రులు అన్నప్పుడు తలాడించారు. సంరక్షకులు అనగానే ఆగారు. "సంరక్షకులంటే ఎవురమ్మా?" అన్నారు. "పిల్లల్ని చూసుకునేవాళ్ళు సార్" అన్నాను. "మన ఊర్లో పిల్లోళ్ళను సూసుకోనోళ్ళు ఎవురమ్మా?" అన్నారాయన. అది అమాయకపు ప్రశ్న అనుకుని నవ్వాను. (ముప్పై ఏళ్ళు పల్లెటూళ్ళలో పనిచేసిన మనిషి ఊరికే అనరన్న జ్ఞానం నాకు అప్పటికి లేదు.) చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. శనివారం మధ్యాహ్నం సినిమా. గేటు దగ్గర నేనే నిలబడాలి. ఒక్క పరాయి మనిషి లోపలికి వచ్చినా ఆయన మెయిన్ స్విచ్ తీసేస్తారు. సరేనన్నాను. తల్లిదండ్రులు, సంరక్షకులు మాత్రమే రావచ్చని పిల్లల చేత ఇంటింటికీ కబురు పంపాను. నా అంతటి గడుసుది ఆ మండలంలో లేదనుకున్నాను.

శనివారం వచ్చింది. పెద్ద గది కిటికీలకు దుప్పట్లు, ఎరువుల సంచులు కట్టి చీకటి చేశాం. పిల్లలు ముందు వరసల్లో కిక్కిరిసి కూర్చున్నారు. నేను గేటు దగ్గర అడ్డంగా కుర్చీ వేసుకుని, రోడ్డు వైపు చూశాను. ఊరు ఊరంతా వస్తోంది. చెనిక్కాయలు వలిచే పని ఆపేసి ఆడవాళ్ళు, రచ్చకట్ట ఖాళీ చేసి మగవాళ్ళు, చేతికర్రలతో ముసలివాళ్ళు. అయినా నేను బెదరలేదు. ప్రతి మనిషికీ ఎవరో ఒక పిల్ల గానీ, పిల్లవాడు గానీ వచ్చి వరస చెప్పాలని రూలు పెట్టాను. మొదటి మగమనిషికి ఒక ఆరో తరగతి పిల్లవాడు వచ్చి "మామ టీచర్" అన్నాడు. "సొంత మామా?" అన్నాను. వాడు నన్ను జాలిగా చూసి, "మామంటే మామే కదా టీచర్, సొంతమేంది?" అన్నాడు. ఆ తరవాత వచ్చిన వాళ్ళంతా ఎవరికో ఒకరికి అవ్వ, తాత, చిన్నాయన, పెద్దమ్మ, వదిన. ఆ ఊళ్ళో వరస లేకుండా పిలుచుకునే అలవాటు ఎవరికీ లేదు. కులం వేరైనా, చర్చి వాళ్ళైనా, గుడి వాళ్ళైనా, పుట్టిన పిల్లకు మొదట నేర్పేది ఎవరిని ఏమని పిలవాలన్నదే.

ఇలా కాదని ప్రశ్న మార్చాను. "వరసలు వద్దు. పిల్లల్ని చూసుకునేది ఎవరో చెప్పండి" అన్నాను. అంతే, నా గొయ్యి నేనే తవ్వుకున్నట్టయింది. పుట్టిన పిల్లలకు నీళ్ళు పోసే అవ్వ ఒకామె ఉండేది, ఊళ్ళో ఎవరి ఇంట్లో బిడ్డ పుట్టినా కాళ్ళు చాపుకుని కూర్చుని స్నానం చేయించేది ఆమే. కుర్చీని చేత్తో పక్కకు నెట్టి, "ఈ బళ్ళో పిల్లోళ్ళందరికీ నీళ్ళు పోసి, ముక్కు వత్తి, తలకాయ గుండ్రంగా చేసింది ఎవురనుకున్నావు? నువ్వు సూసుకుంటాండేది పొద్దున పది గంటల కాడి నుంచి కదా" అని లోపలికి పోయింది. గొర్రెలు కాసే ఆయన, "బడి ఎగ్గొట్టి చింతతోపులో ఆడుకుంటాండే పిల్లోళ్ళను తరుముకొనొచ్చి నీకే కదమ్మా అప్పజెప్తాండా?" అన్నాడు. అది ముమ్మాటికీ నిజం. మొన్న బుధవారమే ఇద్దరిని నేనే స్వయంగా అందుకున్నాను. అలా ఒక్కొక్కరూ చెబుతుంటే నేను కుర్చీ జరుపుతూ పోయాను. వాళ్ళల్లో ఒక్కరూ అబద్ధం చెప్పలేదు మరి! బాగేపల్లి నుంచి విత్తనాలు అమ్ముకోవడానికి వచ్చిన ఒకాయన మాత్రం నాకిక్కడ ఎవరూ లేరమ్మా అన్నాడు. ఆయన్ని ఎంత సంతోషంగా వెనక్కి పంపానో చెప్పలేను. ఒక్కరినైనా ఆపాను కదా అని.

సరిగ్గా అప్పుడు డిష్షు మామ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. ఆయన పిల్లలు హిందూపురంలో ఇంగ్లీషు మీడియం బడిలో చదువుతున్నారని నాకు తెలుసు. "మీరెవరి తాలూకు?" అని అడిగాను.

"నేను ఎవురి తాలూకూ కాదు. నాకు కావాల్సిందీ అదే కదా" అని నవ్వాడు. "రూలు నాకూ తెలుసు టీచరమ్మా. పరాయోడు ఒక్కడు కూర్చుంటే మీ ఆట బందు. వస్తాండా, ఎవురాపుతారో సూస్తా."

ఆయన్ని తోసి ఆపే బలం నాకు లేదు. వరండాలో పెద్దసారు స్విచ్ బోర్డు దగ్గర నిలబడి ఉన్నారు. చెయ్యి అప్పటికే పైకి లేచింది. లోపల పిల్లలు ఊపిరి బిగబట్టి తెల్లటి గోడ వైపు చూస్తున్నారు. ఇంత దూరం వచ్చి ఓడిపోతానా అని నాకు ఎక్కడలేని మొండితనం వచ్చింది. కుర్చీలోంచి లేచి, అందరికీ వినపడేట్టు అన్నాను.

"సరే, రండి. అయితే అర్జీలో మీరు పరాయివాళ్ళని రాయాలి కదా. ఆ మాట ఇక్కడే, అందరి ముందర చెప్పండి. ఈ బడిలో ఏ పిల్లకూ, ఏ పిల్లోనికీ నేను ఏమీ కానని చెప్పండి. మీ ఫోన్లోనే రికార్డు చేసుకోండి. తరవాత పోయి కూర్చోండి."

నిజం చెప్పాలంటే, అది నేను వకీలన్న దగ్గర నేర్చుకున్న తెలివితో వేసిన ఎత్తు. ఆ మాట ఆ ఊళ్ళో ఎంత పెద్దదో నాకు తెలియదు. చుట్టూ ఉన్న జనం గేటు దగ్గరికి జరిగారు. డిష్షు మామ ఫోను పైకెత్తి, "దానికేముండాది? నేను, ఈ బళ్ళో..." అని మొదలుపెట్టాడు. అంతలో కొచ్చెన్ పేపరు గదిలోంచి బయటికి వచ్చింది. నేరుగా గేటు దాకా నడిచి వచ్చి, తరగతిలో నన్ను అడిగేటప్పుడు ఎలా అడుగుతుందో అలాగే, జవాబు కోసం కళ్ళు పెద్దవి చేసి ఆయన్ని అడిగింది.

"నువ్వు నాకేమీ కావా మామా?"

అందరికీ మామే కదా, ఇందులో ఏముంది అనుకున్నాను. పక్కనున్న ఆవిడ నా చెయ్యి గిల్లి చెవిలో చెప్పింది. ఆ పిల్ల తల్లి, డిష్షు మామ తోడబుట్టినవాళ్ళు. ఆ పిల్ల తండ్రీ, ఈయనా కలిసి పొలంలో బోరు వేయిస్తే నీళ్ళు పడలేదు. చోటు చూపించింది నువ్వంటే నువ్వని మాటలు పెరిగాయి, రాకపోకలు ఆగిపోయాయి. ఆ తరవాత కొన్నాళ్ళకే ఆ పిల్ల నాయన జ్వరంతో పోయాడు. ఈయన శ్మశానం దాకా వచ్చి, చెల్లెలి గడప తొక్కకుండానే వెళ్ళిపోయాడట. అప్పటి నుంచి ఒకే ఊళ్ళో ఉంటూ మాటల్లేవు. ఇదంతా తెలిసి ఉంటే నేను ఆ మాట చచ్చినా అనేదాన్ని కాదు.

డిష్షు మామ చేతిలోని ఫోను మెల్లగా కిందికి దిగింది. పిల్ల వెనకాలే వచ్చిన తల్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "చెప్పనీలే పాపా. మీ నాయన పోయిన పొద్దే చెప్పినాడు కదా" అంది. ఆ గొంతులో కోపం కంటే దుఃఖమే ఎక్కువుంది. అప్పుడు నీళ్ళు పోసే అవ్వ గది గుమ్మంలోంచి అరిచింది. "ఏందప్పా మీ పంచాయితీ? ఇద్దరికీ నీళ్ళు పోసిందాన్ని నేనే. చిన్నప్పుడు కూడా వీడు ఇట్లే, అన్నీ లోపల పెట్టుకొని ముక్కు ఎగబీల్చేటోడు. చెప్పేదేదో చెప్పి రాండి, ఆడ నా చోటు పోతాంది!"

"దాని మేనమామను" అన్నాడు డిష్షు మామ, గేటు కమ్మీతో చెబుతున్నట్టు.

నాలోని కిరాణా అంగడి కూతురు అప్పుడు కూడా ఊరుకోలేదు. "గట్టిగా చెప్పండి. పెద్దసారుకు వినపడాలి" అన్నాను.

"మేనమామనమ్మా! మేనమామను!" అని అరిచాడాయన. ఆ అరుపుకు చింతచెట్టు మీది కాకులు లేచాయి. పెద్దసారు స్విచ్ మీది నుంచి చెయ్యి తీసి, కళ్ళు మూసుకుని ప్రభువును తలచుకున్నారు. కొచ్చెన్ పేపరు మామ వేలు పట్టుకుని లోపలికి లాక్కుపోయి, తల్లికీ తనకూ మధ్య చోటు చేయబోయింది. తల్లి జరగలేదు. దాంతో పిల్లే మధ్యలో కూర్చుంది.

సినిమా మొదలైంది. గోడ మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా సముద్రం పరుచుకుంది. మొదటి పెద్ద అల మీదికి వచ్చినప్పుడు ముందు వరస పిల్లలు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. ఎవరో ఒక పెద్దాయన, "ఇన్ని నీళ్ళు పెట్టుకొని వీళ్ళు వరి ఏసుకోకుండా చేపలు పట్టేదేంది?" అని విసుక్కున్నాడు. ఉప్పునీళ్ళు తాతా అని ఒక పిల్లవాడు సముదాయించాడు. "అయితే ఎవురికీ పనికిరావా!" అని ఆయన పడిన బాధ నాకిప్పటికీ గుర్తుంది. నేను మాత్రం సినిమా చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడి, ఆ నీలం వెలుతురులో పిల్లల మొహాలే చూశాను. అంత సంతోషం నా ఉద్యోగంలో మళ్ళీ ఎప్పుడు కలిగిందో వెతుక్కోవాలి.

అర్జీ ఎవరూ ఇవ్వలేదు. పెద్దసారు ఆ ఎండాకాలం పూలదండ మెడలో వేసుకుని, ఏ మరకా లేకుండా ఇంటికి పోయారు. పింఛను మొదటి నెలే వచ్చిందని మిఠాయి పంపించారు కూడా. కొచ్చెన్ పేపరును మేనమామ స్కూటరు మీద బడి దగ్గర దించి పోవడం మొదలుపెట్టాడు. అన్నాచెల్లెళ్ళు నోరారా మాట్లాడుకోవడానికి మాత్రం ఇంకా చాన్నాళ్ళు పట్టిందట. అది నేను బదిలీ అయి వెళ్ళిపోయాక విన్నాను.

నాకు మరవనిది ఆ శనివారం సాయంత్రం. అందరూ వెళ్ళిపోయారు, నేను కిటికీల దుప్పట్లు విప్పుతున్నాను. డిష్షు మామ మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కొట్లాటకేమోనని నడుం బిగించాను.

"టీచరమ్మా, ఆ రూల్లో ఒక మాట ఉండాదే, సంరక్షకులని. అంటే సూసుకొనేటోళ్ళు అనేనా?"

"అవును."

"నేను ఆ పిల్లను ఏం సూసుకున్యా? మూడేండ్లు గడప తొక్కల్యా. మరి నన్నెట్లా రానిచ్చినావు?"

ఇవాళ ఎవరైనా అలా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలుసు. ఇప్పటి నుంచి చూసుకో మామా అని, భుజం తట్టి పంపేదాన్ని. ఆ రోజు ఆ ఇరవై నాలుగేళ్ళ టీచరమ్మ మాత్రం దుప్పటి చేత్తో పట్టుకుని, చాలా తీవ్రంగా ఆలోచించి, "ఆ సంగతి రూల్లో సరిగ్గా లేదు. మా వకీలన్నను అడిగి చెప్తాను" అంది. అని ఊరుకుందా? మర్నాడే బస్సెక్కి అనంతపురం పోయి, నిజంగానే అడిగింది.